అబూ ఖుతైబా తాగని కాఫీ

"పెళ్లి సంగతి మాట్లాడటానికి వస్తున్నాడట!" ఫోను పెట్టేస్తూ మా అమ్మ అరిచింది.

"ఎవరు?"

"పక్కింటి అబూ ఖుతైబా. మన సిరీన్ పెళ్లి సంగతట!"

నేను నమ్మలేదు. ఎనభై రెండేళ్ల చెవులవి. మొన్న గోడకి మేకు తెమ్మంటే మేక అని విని, కసాయికి కబురు పెట్టింది.

అయినా అబూ ఖుతైబా మా ఇంటికి దేనికొస్తాడు? గొప్పలు పోవడానికే. వాళ్లమ్మాయి జూద్, మా అమ్మాయి సిరీన్ కరక్ ఊళ్లోని యూనివర్సిటీలో ఒకే గదిలో ఉండి కెమిస్ట్రీ చదివారు. ఇద్దరికీ తేడా అర మార్కు. పోయిన టర్ములో జూద్ మా ఊరు ఇర్బిద్‌లోని యూనివర్సిటీకి మారి ఫార్మసీలో చేరింది. ఆ రోజు వాళ్లు వీధంతా కునాఫా మిఠాయి పంచారు. మా ఇంటికి పెద్ద పళ్లెమే వచ్చింది. తిన్నాను, అరగలేదు. అప్పట్నుంచి వీధి మొత్తం ఆ పిల్లని 'డాక్టర్ జూద్' అంటోంది. మందుల చదువు కూతురిది, మందహాసం తండ్రిది, మంట నాది. పైగా నాది చెప్పుల కొట్టు. ఎవరికీ చెప్పుకోలేని మంట.

ఇప్పుడు మా సిరీన్ కూడా అదే ఫార్మసీకి మారాలని చూస్తోంది. ఖాళీగా ఉన్నది ఒక్క సీటు. ఆదివారం మధ్యాహ్నంలోగా దరఖాస్తు ఇవ్వాలి. కరక్‌లో ఏ పేపరులో ఏ పాఠాలు చెప్పారో రాసి ముద్ర వేసిన కాగితాలు దానికి జతచేయాలి. అవి లేకపోతే చదివిన చదువు లెక్కలోకి రాదు, సీటూ రాదు. అక్కడి గుమాస్తా పది రోజులుగా "రేపు" అంటున్నాడు.

"బాబా, జూద్ దగ్గర ఇంకో సెట్టు ఉంది. అడగనా?" అంది సిరీన్.

"ఆ గడప తొక్కావంటే చూడు!" అన్నాను. మూడు రోజులుగా పిల్ల నాతో మాట్లాడటం లేదు.

అబూ ఖుతైబా చంకలో ఫైలుతో వచ్చాడు. శుక్రవారం సెలవు కదా, మా తమ్ముళ్లిద్దరూ పొద్దున్నే టిఫినుకి మా ఇంట్లోనే ఉన్నారు. చేదు కాఫీ పోసి ఇచ్చాను. అందుకున్నాడు. తాగకుండా ఎదురుగా బల్ల మీద పెట్టాడు.

తమ్ముళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. పెద్ద కోరికతో వచ్చినవాడే అలా కప్పు కింద పెడతాడు. ఇచ్చాం అనేదాకా ముట్టడు. అమ్మ చెవులు ఈసారి నిజమే విన్నాయా? కొడుకు ఖుతైబాకి మా సిరీన్ని అడుగుతాడా?

నా గుండెలో కునాఫా కరిగింది. అబూ ఖుతైబా! నా ముందు! చెయ్యి చాచి! చల్లారనీ కప్పు. నా కడుపూ కాస్త చల్లారుతుంది.

"అబూ షాహెర్, నేనొచ్చిందేమిటంటే..."

"తొందరేముంది అన్నా? టమాటా ధర చూశావా?"

అతను గోడ గడియారం చూశాడు. ఆలివ్ నూనె గురించి అడిగాను. మళ్లీ గడియారం చూశాడు. పాపం, ఎంత కంగారో! మునిసిపాలిటీ గురించీ అడిగాను.

చిన్న తమ్ముడు నా కాలు తొక్కాడు. "ఇంటి పరువు పోతోంది, తాగించు."

గొంతు సవరించుకున్నాను. "తాగు అన్నా! దేనికొచ్చావో అది నీదే. ఇచ్చేశాం!"

అమ్మ నాలుక ఆడించి పెళ్లికూత ఎత్తుకుంది. వంటింట్లో పళ్లెం పడింది. సిరీన్ గుమ్మంలోకొచ్చింది.

"ఎవర్ని ఇచ్చేశావ్ బాబా?"

"నిన్నే. ఖుతైబాకి."

"మా ఖుతైబాకా?" అబూ ఖుతైబా సగం లేచాడు. "మీ సిరీన్ కనిపిస్తే వాడు వీధి మారతాడయ్యా, చిన్నప్పుడు చితక్కొట్టిందని! నేను అడగడానికి రాలేదు, ఇవ్వడానికొచ్చా."

ఫైలు తెరిచాడు. కాగితం కాగితానికీ కరక్ ముద్ర.

"మీ పిల్ల ఎందుకో అడగడం లేదు, గడువు దాటిపోతోందని జూద్ పంపింది. బదిలీ సంగతి మాట్లాడాలని పెద్దమ్మకి ఫోన్లో చెప్పాగా!"

నేను కింద చూశాను. సిరీన్ నన్నే చూస్తోంది.

"మరి కాఫీ?" అన్నాడు పెద్ద తమ్ముడు.

"థైరాయిడ్ మాత్ర వేసుకునే వచ్చా. వేసుకున్నాక గంటదాకా కాఫీ ముట్టొద్దని జూద్ ఆర్డరు. ఇంకా ఏడు నిమిషాలుంది."

ఒక్క టర్ము చదివి తండ్రి కాఫీ మాఫీ చేసింది! నా కడుపు మళ్లీ భగ్గుమంది. నా కూతురు నా చేత ఏదైనా మానిపించేదెప్పుడు?

నా కప్పు తీసి, తాగకుండా అతని కప్పు పక్కన పెట్టాను.

"నాకో కోరికుంది అన్నా. ఆదివారం... డాక్టర్ జూద్... మా పిల్లని వెంటబెట్టుకుని ఆ ఆఫీసుకి వెళ్లాలి."

ఆ 'డాక్టర్' నీళ్లు లేకుండా మింగిన మాత్రలా దిగింది.

"తాగు," అన్నాడతను. "ఇచ్చేశాం."

సిరీన్ ఫైలు అందుకుని, "చల్లారిపోయింది, వేడిది తెస్తానుండు బాబా," అంది. మూడు రోజులకి తొలి మంచి మాట.

అమ్మ ఇంకా కూస్తూనే ఉంది. చెవిలో అరిచాను: "పెళ్లి కాదు యమ్మా, బదిలీ! కప్పు పక్కన పెట్టింది మాత్ర వల్ల!"

అమ్మ నోరు మూసుకుని ఆలోచించింది. "మరి నేను కూసిన కూత?"

"ఆదివారం దాకా దాచు," అన్నాడు అబూ ఖుతైబా, గడియారం చూసి కప్పు ఎత్తుతూ.