దారం కదలని గది

గోడల అతుకు దగ్గర పుల్ల పట్టుకుని అతను ఊపిరి బిగబట్టాడు. పుల్ల చివర కట్టిన ఎర్ర దారం కదలలేదు. దేవుడి పేరు పెదవుల మధ్యే ఒకసారి అనుకుని పక్క అతుకు దగ్గరికి జరిగాడు. అతుకుకో నామం అతని అలవాటు.

వీధి గుమ్మానికి బిగించిన పెద్ద ఫ్యాను ఇంట్లో గాలిని బయటికి తోడేస్తోంది. ఎక్కడ సందు మిగిలినా అక్కడినుంచి బయటి గాలి దూరుతుంది, దారం ఊగుతుంది. ఫ్యాక్టరీలో తయారై లారీలో వచ్చిన గోడలవి. రెండు చెక్క పలకల మధ్య జానెడు మందాన థర్మాకోల్. క్రేను ఒక్కొక్కటే ఎత్తి నిలబెడితే ఇల్లు అట్టపెట్టెలా లేస్తుంది. గోడకీ గోడకీ మధ్య పొంగి గట్టిపడే ఫోమ్ కొట్టి, ఎండనూ చలినీ బయటే ఆపడం అతని పని. ఇలా కట్టిన ఇంట్లో హీటరుకి సగం కరెంటు కూడా కాలదంటారు. దారం పట్టుకు తిరుగుతాడని పనివాళ్లందరూ అతన్ని దారం బాబాయ్ అనేవారు.

ఇవాళ చేతులు ఇక్కడున్నా మనసు ఇక్కడ లేదు. చూసిన అతుకునే మళ్లీ చూస్తున్నాడు.

"బాబాయ్, మళ్లీ ఆ మూలకే పోతున్నావు. అక్కడేమన్నా పిల్లనిస్తామన్నారా?" అన్నాడు క్రేను డ్రైవరు.

"నీ పని చూసుకోరా."

మనసు తన ఇంటి వెనక కట్టిన గదిలో ఉంది. తల్లి పోయాక అక్కే బట్టలు కుట్టి అతన్ని పెంచింది. ఆ హడావిడిలో తన పెళ్లి మాట మరిచిపోయింది. మరిచిపోయినట్టు నటించిందేమో, అతను ఎన్నడూ అడగలేదు. ఈ ఎర్ర దారం కూడా ఆమె కుట్టుపెట్టెలోదే. ఇప్పుడామె మంచం దిగలేకపోతోంది. పాత ఇంటికి అన్నీ సందులే. పోయిన చలికాలమంతా దుప్పట్ల కింద వణుకుతూనే, "లోకంలో అందరి ఇళ్లకీ సందులు మూస్తావు. మనింట్లో గాలి ఈల వేస్తోందిరా," అని నవ్వింది.

ఆ మాట అతన్ని కూర్చోనివ్వలేదు. మూలలు విరిగి పక్కన పడేసిన పలకల్ని మేస్త్రిని అడిగి తెచ్చుకుని, పెరట్లో ఒక గది నిలబెట్టాడు. ఈ చలికాలం గడవడం కష్టమని డాక్టరు గొంతు తగ్గించి చెప్పాడు. ఒక్క రోజైనా ఆమె వణకకుండా పడుకోవాలి. ఆమెని ఇవాళే ఆ గదిలోకి మార్చాలి. కానీ నిన్న సాయంత్రం పైకప్పు అతుకులో కొట్టిన ఫోమ్ చలికి సరిగ్గా పొంగిందో లేదో!

గాలి కూడా దేవుడు చేసిందే కదా, దాన్ని బయట నిలబెట్టడం తప్పేమోనని అతనికి అప్పుడప్పుడూ అనిపించేది. ఇవాళ అలా అనిపించలేదు.

ఫ్యాను ఆగేసరికి మధ్యాహ్నం దాటింది. మేస్త్రి ఫ్యాను మీటరులో అంకె చూసి తల ఊపాడు. "వెళ్లు బాబాయ్. నిన్ను చూస్తుంటే నా కాళ్లే నొప్పెడుతున్నాయి."

అతను వచ్చేసరికి భార్య పెరట్లోనే ఎదురైంది. "వదినని మార్చేశాం. మీరొచ్చేదాకా ఆగమంటే వింటేగా!"

గదిలో మంచం మీదినుంచి అక్క తల తిప్పింది. "వచ్చావా? డబ్బాలో పెట్టి మూతేశావు కదరా నన్ను. ఇక పాడవను."

అతను నవ్వలేదు. కిటికీ మూశాడు. స్టూలు ఎక్కి పైకప్పు అతుకు వెంట పుల్ల నడిపాడు. దారం కదలలేదు. మూలలన్నీ చూశాడు, ఎక్కడా కదల్లేదు. ఆమె తల దగ్గరికి వచ్చేసరికి దారం ఊగింది.

గోడ తడిమాడు. సందు లేదు. దారం ఆగింది, మళ్లీ ఊగింది. కొంచెం కిందికి దించితే ఇంకాస్త ఊగింది. అప్పుడర్థమైంది. అది గోడలోంచి వస్తున్న గాలి కాదు.

"ఏంట్రా, నా ముక్కు దగ్గర ఆ పుల్లేంటి?"

"ఏం లేదక్కా. గదంతటికీ ఇక్కడొక్కచోటే గాలి ఆడుతోంది."

"దాన్ని కూడా మూసేయకురోయ్," అని నవ్వి, పై దుప్పటిని తనే కాలితో పక్కకి నెట్టింది. "వెచ్చగా ఉందిరా. ఈల కూడా లేదు. కాస్త కూర్చో. పుట్టినప్పటినుంచీ తిరుగుతూనే ఉన్నావు."

దారం ఆమె ముఖం మీదికి వేలాడేలా పుల్లని మంచం తలవైపు పట్టీలో గుచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కాలు మాత్రం ఆడుతూనే ఉంది. ఆమె అతని మోకాలి మీద చెయ్యి వేసింది. కాసేపటికి కాలు కూడా ఆగింది. ఆమె కళ్లు మూసుకుంది.

భార్య గ్లాసుతో వేడినీళ్లు తెచ్చింది. అతను తలెత్తి చూశాడు. అక్క ముఖం మీదుగా వేలాడుతున్న దారం కదలడం లేదు.

లేచాడు. పైకప్పు అతుకు చూశాడు. కిటికీ గడియ చూశాడు. తలుపు కింద చెయ్యి పెట్టి చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. దారం కదలాలని అతను కోరుకోవడం ఇదే మొదలు.

"వదినా," అని పిలిచింది భార్య. మళ్లీ పిలిచింది. గ్లాసు నేల మీద పెట్టేసింది. "ఏమండీ... అటూ ఇటూ తిరక్కండి. వచ్చి కూర్చోండి."

అతను కూర్చోలేదు. పెదవులు కదిలాయి గానీ నామం రాలేదు. వెళ్లి కిటికీ బార్లా తెరిచాడు. ఇన్నాళ్లూ అతను బయటే నిలబెట్టిన చలిగాలి లోపలికి వచ్చింది.

మంచం పట్టీలో గుచ్చిన పుల్ల చివర ఎర్ర దారం ఊగడం మొదలుపెట్టింది.