ప్లైవుడ్ గోడ అవతలి మీటరు

రేడియోలూ, ఆటబొమ్మలూ బాగుచేసే ఆ దుకాణాన్ని అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. బల్లలూ కుర్చీలూ పంచుకున్నంతసేపూ పేచీ లేదు. పేచీ అంతా పవర్ సప్లై దగ్గరే వచ్చింది. నాబ్ తిప్పితే కావలసినన్ని వోల్టులిచ్చే పెట్టె అది. చివరికి దాన్నీ విప్పి పంచుకున్నారు. ట్రాన్స్‌ఫార్మరూ మీటరూ అన్నకి, ఖాళీ పెట్టే, నాబూ తమ్ముడికి. ఎవరికీ పనికిరాకుండా పంచుకోవడంలో ఇద్దరూ ఉద్దండులే! ఆపైన దుకాణం మధ్యలో ప్లైవుడ్ గోడ లేచింది.

గొడవకి మూలం కూడా ఆ పెట్టే. తమ్ముడు వస్తువు మీదే కళ్లుంచి నాబ్ తిప్పేవాడు, అన్న మీటరు చూస్తూ "చాలు" అనేవాడు. నిజానికి ఆయన సగం కంటితో, సగం చెవితో చెప్పేవాడు. బొమ్మలో మోటారు మోత వింటే ఎన్ని వోల్టులో తెలిసిపోయేది. ఒకనాడు ఎవరిదో రేడియో కాలిపోయింది. నువ్వు ఆలస్యంగా చెప్పావని ఇతను, చెప్పినా నువ్వే వినలేదని ఆయన. అంతే, మాటలు ఆగిపోయాయి.

ఇప్పుడు తమ్ముడు ఒక్కడే కూర్చుని ఆ ఖాళీ పెట్టెకి ప్రాణం పోస్తున్నాడు. పాత సామాన్ల కొట్టులో దొరికిన లాప్‌టాప్ అడాప్టరు, చచ్చిన స్టీరియోలోంచి ఊడబెరికిన రెగ్యులేటరు, అది వేడెక్కకుండా పాత కంప్యూటర్లోని అల్యూమినియం రెక్కలు. టంకం వేస్తుంటే వేలు చురుక్కుమంది. తిట్టుకున్నాడు. వినేవాళ్లు లేకపోతే తిట్లు కూడా చప్పగానే ఉంటాయి. బల్బు తగిలించి నాబ్ తిప్పితే వెలుగు పెరిగింది, తగ్గింది. "చూశావా!" అన్నాడు. పక్కన ఎవరూ లేరని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

పెట్టెకి మీటరుండే చోట గుండ్రటి కన్నం మిగిలింది. బజారుకెళితే కొత్త మీటరు దొరకదా అంటే, దొరుకుతుంది. కొనడు. కొంటే విడిపోవడం ఖాయమైనట్టే. అతనికి కావలసింది మీటరు కాదు, అన్న. ఆ ముక్క గోడ దాటి చెప్పడానికి మాత్రం నోరు రాదు.

బల్ల మీద గిరగిరా తిరిగే గుర్రాల బొమ్మ ఉంది. ఎవరో ముసలావిడ ఇచ్చి వెళ్లింది. ఆరు వోల్టులు బాగా దాటితే దాని మోటారు మాడిపోతుంది, అలాంటిది మళ్లీ దొరకదు. అన్నీ తెలిసే బొమ్మకి తీగలు తగిలించాడు. కుర్చీని, బల్లని గోడకి ఆనేలా జరుపుకున్నాడు.

నాబ్ తిప్పాడు. గుర్రాలు బద్ధకంగా కదిలాయి. మోత సన్నగా మొదలైంది. గోడవతల అన్న సుత్తి చప్పుడు ఆగింది. ఇంకాస్త తిప్పాడు. మోత పెరిగింది, అవతలి నుంచి మాట రాలేదు. పంతానికి పోయి ముసలావిడ బొమ్మ తగలేస్తున్నానా, ఆపేద్దామా అనుకున్నాడు.

"చాలు."

టక్కున నాబ్ తిప్పడం ఆపాడు. గుర్రాలు చక్కగా తిరుగుతున్నాయి. పని పూర్తయింది గానీ ఆ ఒక్క మాటతో అతని ఆకలి తీరలేదు. నాబ్‌ని వెంట్రుకవాసి ముందుకి జరిపాడు.

"చాలన్నానా లేదా! చెవుడా నీకు?" గోడ అదిరేలా వచ్చింది కేక.

తమ్ముడు నాబ్ వెనక్కి తిప్పి, కళ్లు తుడుచుకున్నాడు.

"వినపడింది అన్నయ్యా," అన్నాడు. "ఇంకోసారి అను."