ఇవ్వని గ్లౌజులు

మధ్యాహ్నం గంట కొట్టగానే లాండ్రీలో పెద్ద ఇస్త్రీ రోలరు ఆగుతుంది. ఆడవాళ్లంతా టిఫిన్ డబ్బాలతో మేడమీద దుప్పట్ల గదికి చేరతారు. పది నిమిషాలు తిండి, ఇరవై నిమిషాలు ఇంగ్లీషు. చిరిగిన దుప్పట్లు కుట్టే పిన్ని ఒకప్పుడు బడి పంతులమ్మ. తలుపు వెనక సుద్దముక్కతో రాస్తుంది.

"ఇప్పుడు లేనిదాన్ని ఊహించాలంటే ఇంగ్లీషులో క్రియ ఒక మెట్టు వెనక్కి దిగాలి: ఇఫ్ ఐ హాడ్. అప్పుడు జరగనిదాన్ని ఊహించాలంటే రెండు మెట్లు: ఇఫ్ ఐ హాడ్ హాడ్."

రెండు మెట్లూ సరిగ్గా దిగి వాక్యం పూర్తిచేస్తే, ఆ జరగని పనిలోని వస్తువు ఎదురుగా వచ్చి పడుతుంది. ఇది ఊరందరికీ తెలిసిందే. జరిగినదానికి మాత్రం ఏమీ పడదు. మొన్న మడతలు పెట్టే వదిన గొడుగు తెచ్చుకొని ఉంటే తడిసేదాన్ని కాదని చెప్పబోయి, వుడ్ తర్వాత హావ్ మింగేసింది. గొడుగు పుల్లలు పడ్డాయి, గుడ్డ రాలేదు.

"నీ ఇంగ్లీషుకి అస్థిపంజరమే దక్కిందొదినా!" అని ఇవాళ్టికీ నవ్వుతున్నారు.

నవ్వనిది పిన్ని అక్క కూతురొక్కతే. రోలరు రొదలోనూ వినపడే గొంతని ఆమెను అందరూ మైకు అంటారు. వారం కిందట ఆ రోలరే ఆమె కుడి అరచేతిని కాల్చింది. పొద్దున మేనేజరు ఒక కాగితం ఇచ్చాడు. సాయంత్రంలోగా సంతకం పెట్టాలి, లేకపోతే ఉద్యోగం ఊడుతుంది.

"కాలిన చేతులదే రేపటి లోకం!" అంది మైకు, పిడికిలి బిగించబోయి, కట్టు కింద చెయ్యి నొప్పెట్టి ఆగిపోతూ.

"ఆపవే. నీ నినాదాల్లో క్రియాపదమే ఉండదు. కాగితం చదువు," అంది పిన్ని.

"ఇఫ్ షి హాడ్ వోర్న్ ద గ్లవ్స్ వి గేవ్ హర్, షి వుడ్ నాట్ హావ్ బర్న్‌డ్ హర్ హ్యాండ్." తప్పు లేకుండానే చదివింది. దారప్పోగు కూడా పడలేదు.

"మేమిచ్చిన గ్లౌజులు వేసుకొని ఉంటే చెయ్యి కాలేది కాదట," అంది పిన్ని.

"ఇస్తే కదా వేసుకోడానికి!"

"అదే. వేసుకోవడం రెండు మెట్లు దిగింది. ఇవ్వడం చూడు, 'వి గేవ్' అని నిజంగా ఇచ్చేసినట్టే దర్జాగా పైన కూర్చుంది. అబద్ధం కలిస్తే ఏం పడుతుంది?"

మైకు లేచింది. వెనకాలే అందరూ కింద మేనేజరు గదికి దిగారు.

"సంతకం పెట్టావా?" మేనేజరు తలెత్తలేదు.

"ముందు నా వాక్యం వినండి సార్. ఇఫ్ యు హాడ్ గివెన్ మీ గ్లవ్స్..."

"ఓహో, ఇంగ్లీషే!"

మైకు వెనక్కి తిరిగి చూసింది. గుమ్మంలో పిన్ని రెండు వేళ్లు చూపించింది.

"...ఐ వుడ్ నాట్ హావ్ బర్న్‌డ్ మై హ్యాండ్."

బల్ల మీద ధన్‌మని ఒక జత పడింది. కొత్త తోలు గ్లౌజులు, మీద లాండ్రీ ముద్ర.

"ఇవి... మేమిచ్చినవేగా," అన్నాడు మేనేజరు.

"ఇచ్చినవైతే పడవు సార్. మీకూ తెలుసు."

అప్పుడు వదిన మణికట్టు మీది పాత కాలిన మచ్చ కనబడేలా చెయ్యి ముందుకు చాపి, అదే వాక్యం అందుకుంది. ఈసారి ఏదీ మింగలేదు. తర్వాత ఇంకొకామె, ఆమె తర్వాత మరొకామె. మచ్చ లేని చెయ్యి ఎవరికీ లేదు. అయిదో జత పడేసరికి మేనేజరు టీ కప్పు పక్కకి జరుపుకున్నాడు.

"ఏం కావాలి మీకు?"

"ఇవ్వలేదని మీ చేత్తో రాయండి. అందాకా రోలరు తిరగదు."

ఆయన పాత కాగితం చింపి కలం తీశాడు. రాస్తున్నంతసేపూ మైకు గ్లౌజులు తొడుక్కొని చూసుకుంది. ఎడమచేతికి కొలిచి కుట్టినట్టు సరిపోయింది. కుడిచేతిది కట్టు మీదికి ఎక్కలేదు. దాన్ని ఆయన కాగితం పక్కనే పెట్టేసింది.