కొత్త చేతులు

సర్కారు కొత్త పథకం పెట్టింది. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరినవాళ్ల జీతం సగం తనే ఇస్తుందట. పొరుగుదేశం సరుకుతో పోటీపడి నిలవాలంటే కొత్త ఉద్యోగాలు పెరగాలని పెద్దల ఆలోచన. ఆ వార్త విని అక్క ఎగిరి గంతేసింది. ఇంట్లో ఖాళీగా కూర్చున్న చెల్లెల్ని వెంటబెట్టుకెళ్లి, తను పనిచేసే ఫ్యాక్టరీలో, చిప్పులు చేసే సిలికాన్ పలకలు కడిగే గదిలో తన పక్కనే చేర్పించింది.

అసలు సంగతి ఆ తర్వాత తెలిసింది. కొత్తవాళ్లు పని నేర్చుకోగానే పాతవాళ్లని ఇంటికి పంపేస్తున్నారు. పక్క బల్ల దగ్గరి లావుపాటావిడ తను నేర్పిన పిల్లకే బల్ల అప్పగించి, ఏడ్చుకుంటూ పోయింది.

అక్కకి లెక్క అర్థమైంది. చెల్లెలికి పని వస్తే తన పని ఊడుతుంది.

ఆ గదిలో అంతా ఒడుపు. సిలికాన్ పలకని నీళ్లలోంచి పట్టకారుతో ఏటవాలుగా, మెల్లమెల్లగా తీయాలి. అప్పుడు నీళ్లు వాటంతటవే జారిపోతాయి. గబుక్కున లాగితే చుక్కలు నిలిచి, ఎండి మరకలవుతాయి. మరకపడ్డ పలక చెత్తబుట్టకే.

"నిలువుగా పట్టి ఒక్క గుంజు గుంజు," అని నేర్పింది అక్క.

"నువ్వు మెల్లగా తీస్తున్నావు కదక్కా?"

"నావి అరిగిపోయిన చేతులే. నీకేం రోగం?"

చెల్లెలు కిసుక్కున నవ్వి గుంజింది. పలక తర్వాత పలక మరకలే. "మొద్దుమొహమా, తిండి తినడం ఒక్కటే వచ్చా?" అని అక్క అందరిముందూ కడిగేసేది. చెల్లెలికి కళ్లనీళ్లు తుడుచుకోవడానిక్కూడా వీల్లేదు. పలకల మీద దుమ్ము పడుతుందని ఆ గదిలో మాస్కు, కళ్లద్దాలు కదపకూడదు.

ఇక ఆగలేక అక్క సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లింది. మాస్కు కింద ఉన్నాయో లేవో ఎవరూ చూడకపోయినా, అందరూ ఆయన్ని మీసాలాయన అనేవారు.

"మా చెల్లికి ఈ పని చేతకాదండీ. తీసెయ్యండి."

"ఆమెని తీసేస్తే సర్కారు సొమ్ము నువ్విస్తావా? రేపట్నుంచి రావద్దని నీకే చెబుదామనుకుంటున్నా."

"పలకలన్నీ పాడవుతున్నాయి కదండీ!"

"పాడవనీ. సర్కారు నుంచి తనిఖీకి వచ్చేవాళ్లు తలకాయలు లెక్కపెడతారు గానీ పలకలు తిప్పి చూస్తారా? మంచివి కావలసినవాళ్లు పొరుగుదేశంలో కొనుక్కుంటారు. కొంటూనే ఉన్నారు."

బట్టలు మార్చుకునే గదిలో అక్క తన కోటు విప్పుతుంటే చెల్లెలు పరుగెత్తుకొచ్చింది.

"నువ్వు లేకుండా నేనెలా చెయ్యనే అక్కా? పోయేముందు ఒక్కమాట చెప్పు. నా చేతుల్లో ఏం తేడా ఉంది?"

అప్పుడైనా చెప్పొచ్చు. రెండు ముక్కల్లో అయిపోయేది.

"పుట్టుకతో వచ్చిందిలే," అంది అక్క. "నేర్పితే పోయేది కాదు."

చెల్లెలు తన చేతులకేసి చూసుకుంది. నమ్మింది.