పగిలిన బ్యూరెట్లు రెండు

తార్నాకలో మెట్రో మెట్లు దిగి సందులోకి తిరిగితే వెంకటనర్సయ్య జిరాక్సు దుకాణం. పొద్దున తొమ్మిదికి షట్టర్ లేపి, మిషన్‌కు ఊదుబత్తి చూపించి, చాయ్ తాగుతాడు. ఒకప్పుడు ఈపాటికి క్యాంపస్ పిల్లలు తలా ఇరవై రెజ్యూమెలు తీయించుకుని కంపెనీల గేట్ల చుట్టూ తిరిగేవాళ్లు. ఇప్పుడంతా ఫోన్లోనే కదా! వేలితో నొక్కితే అప్లికేషన్, రెప్ప వేసేలోపు రిజెక్షన్. అయినా ఒక్క కాపీ కోసం అందరూ ఇక్కడికే వస్తారు. ఆ మిషన్‌లో కాపీ తీయిస్తే, ఆ రెజ్యూమెను ఏ కంపెనీలో ఏ మనిషి చదువుతున్నా పిల్లల దగ్గరున్న కాగితం వెచ్చబడుతుంది. కంప్యూటర్ చదివితే చల్లగానే ఉంటుంది. అందుకే దాన్ని జేబులో పెట్టుకుని, జ్వరం చూసినట్టు మాటిమాటికీ తడుముకుంటారు.

భాగ్య కాగితం ఆరు నెలలుగా చల్లగానే ఉంది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, నూట పదిహేడు అప్లికేషన్లు. రేపటికి హాస్టల్ గది ఖాళీ చేయాలి. ఆ తర్వాత జనగామలో చిన్నాయన ఎరువుల దుకాణంలో కూర్చోవడమే. ల్యాబ్ అంటే ప్రాణం పెట్టే పిల్లకు, పాపం, ఆ సంగతి తలచుకుంటేనే ఏడుపొస్తోంది.

"తప్పు నీదే బిడ్డా," అన్నాడు వెంకటనర్సయ్య, ఆమె కాగితం తిప్పి చూస్తూ. "అచీవ్‌మెంట్స్ కాడ ఏం రాసినవ్ ఇది? రెండేండ్లల్ల పగలగొట్టిన బ్యూరెట్లు రెండు, రెండుసార్లు నేనే పోయి సార్‌కు చెప్పిన అని! ఎవలన్న పగలగొట్టినయి రాస్కుంటరా?"

బ్యూరెట్ అంటే ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలే సన్నటి గాజు గొట్టం. చేయి తగిలితే చాలు, పుటుక్కుమంటుంది.

"నిజమే గద కాకా! మిగిలినోళ్లు పదేసి పగలగొట్టిన్రు."

"కంప్యూటర్‌కు నిజంతోని ఏం పని? లీడర్‌షిప్ అని కొట్టు."

"నేనెన్నడు లీడర్ని కాలే," అంది భాగ్య. మొండిఘటం. అక్కడే నిలబడి, నాచారంలో మందుల్ని పరీక్షించే ఒక ల్యాబ్‌కు అదే రెజ్యూమె పంపింది. వెంకటనర్సయ్య చాయ్ గ్లాసు కింద పెట్టేలోపే జవాబొచ్చింది. మిమ్మల్ని తీసుకోలేకపోతున్నాం, విచారిస్తున్నాం అని.

మధ్యాహ్నం హాస్టల్ గదిలో బట్టలు సర్దుకుంటుంటే కుర్తా జేబు వెచ్చగా తగిలింది. భాగ్య గబుక్కున చెయ్యి పెట్టి చూసింది. అమ్మో! కాగితమే! ఈ వారంలో పంపింది ఆ నాచారం ల్యాబ్ ఒక్కదానికే. అంటే, వద్దన్న తర్వాత కూడా అక్కడెవరో చదువుతున్నారు. సంచి అక్కడే వదిలేసి ఆటో ఎక్కింది. దగ్గరికి పోయేకొద్దీ వేడి పెరుగుతోంది. హబ్సిగూడ దాటి నాచారం చేరేసరికి జేబులో ఇడ్లీ పొట్లం పెట్టుకున్నట్టుంది.

"జాబ్‌కోసం గేట్ కాడికి వస్తరా ఈ కాలంల? అంతా ఆన్‌లైనే," అన్నాడు వాచ్‌మన్.

"చదువుతున్నరన్నా, చూడున్రి," అని కాగితం అతని చేతిలో పెట్టింది.

చురుక్కుమనేసరికి వాచ్‌మన్ కాగితం తిరిగిచ్చేసి చెయ్యి దులుపుకున్నాడు. "తార్నాక కాగితమా! మంచిగనే చదువుతున్నరు. క్యాంటీన్ల విశాలాక్షి మేడమయి ఉంటది. ల్యాబ్‌కు పెద్దామె. పో, పో!"

క్యాంటీన్‌లో విశాలాక్షి ముందు టిఫిన్ డబ్బా, పక్కన కాగితాల దొంతర ఉన్నాయి. భాగ్య పేరు చెప్పి, తన కాగితం చూపించి మళ్లీ జేబులో పెట్టుకుంది. "కంప్యూటర్ ఏరి పంపినవాళ్లలో ఒక్కరికీ చేయి నిలకడ లేదమ్మా. అందుకే అది పారేసినవి ప్రింట్ తీసి, అన్నం తింటూ చదువుకుంటున్నాను. అరగంట నుంచీ నీదొక్కటే. నవ్వాగట్లేదు. ఆ బ్యూరెట్ల పిల్లవు నువ్వేనా?"

"నేనే మేడమ్. రెండే."

"సరే. బ్యూరెట్ నుంచి చుక్కలు వదులుతుంటే కింది ద్రావణానికి లేత గులాబీ రంగు రాగానే ఏం చేస్తావు?"

"చుక్క ఆపి, ముప్పై సెకన్లు చూస్త. రంగు పోకుంటెనే కొలత రాసుకుంట."

"చెయ్యి జారి ఒక చుక్క ఎక్కువ పడిందనుకో?"

"పారబోసి మళ్ల మొదటికెళ్లి చేస్త."

"ఎవరూ చూడకపోయినా?"

"నేను చూసిన గద మేడమ్!"

విశాలాక్షి నవ్వడం ఆపేసింది. "ఇక్కడ పరీక్ష చేసేవి పసిపిల్లల మందులు. పగలగొట్టేవాళ్లంటే నాకు భయం లేదు, దాచేవాళ్లంటేనే భయం. సోమవారం తొమ్మిదింటికి వచ్చి పనిలో చేరు. హెచ్ఆర్ వాళ్లకి నేను చెప్పుకుంటాను."

అప్పుడే భాగ్య జేబు చల్లబడింది. మళ్లీ ఏమైందోనని బెదిరిపోయి తలెత్తి చూసింది. విశాలాక్షి రెజ్యూమె మడిచి పక్కన పెట్టేసి తన ముఖంలోకే చూస్తోంది.

"అన్నం తిన్నావా అసలు?" అంటూ డబ్బా మూత మీద పులిహోర పెట్టి ఇటు జరిపింది. భాగ్య కళ్లు తుడుచుకుంటూ కూర్చుని, పొద్దుటి నుంచీ గుర్తే రాని ఆకలితో మొత్తం తినేసింది.