రాతిగుహ వాకిట అత్తాకోడండ్రు

శిశిరానిలము కడలిపై నురుగుల నెగజిమ్ముచు తీరమందలి సరళవృక్షముల శిరములు వంచుచు మింటిని సీసపురేకువలె మసకబార్చిన యొక యపరాహ్ణమున జపానుదేశపు పల్లె యొకదానిలో కొండను తొలిచి కట్టిన రాతి యావిరిగుహ ముంగిట నిద్దఱు తెలుగుస్త్రీలు నిలిచియుండిరి. ఒకతె యచ్చటి యోడల కర్మాగారమున పనిచేయు వాని భార్యయగు వకుళ. రెండవది యామె యత్త మంగతాయారు.

వేకువనే గుహలో చితుకులు మండించి రాళ్లు కాగిన పిదప నిప్పు లూడ్చి తడినాచు పఱచి చాపలు వేసి నూలువస్త్రములతో జనులు చెమటోడ్చుట యా యూరి యాచారము. అది చూచినంతనే మంగతాయారునకు పసిబిడ్డలకు స్నానానంతరము పట్టు సాంబ్రాణిపొగ జ్ఞప్తికి వచ్చెను. వకుళ చంకనున్న యైదునెలల మనుమనికి రొంప.

"వాని నిటు తెమ్ము. కొంతసేపు లోన నుంచిన రొంప యెగిరిపోవును."

"ఇది సాంబ్రాణి కాదత్తయ్యా. పెద్దలకే యూపిరాడదట. ఇయ్యను."

"నీ మగనికి నే పొగపట్టలేదా? వాడు చచ్చెనా?"

"చావలేదు. అది వారి యదృష్టము."

"పదియవ తరగతి దాటకున్నను నోరు మాత్రము పట్టభద్రురాలైనది."

వకుళ బిడ్డను హత్తుకొని వెనుకకు జరిగెను. వాకిట గడ్డితెర పట్టుకొనియున్న సుమియె యను నా యూరి ముదుసలి వారి భాష యెఱుంగనిదై మీరు ముందు మీరు ముందని మర్యాద చేసికొనుచున్నారని తలచి చిఱునవ్వు నవ్వుచుండెను.

"అరగంట కూర్చుండి నవ్వుచు వచ్చెదను. అప్పుడు కిమ్మనక బిడ్డ నిమ్ము" అని మంగతాయారు తెర తొలగించుకొని వంగి లోనికి బోయెను.

చాలసేపు గడచెను. వకుళ పిలిచెను. బదులు లేదు. మఱల పిలిచెను. తన కన్నతల్లికిని క్షణమాత్ర మప్పగింప వెనుదీయు నా బిడ్డను పేరు తప్ప నేమియు నెఱుంగని సుమియె చేతులలో నుంచి వకుళ మోకాళ్లపై ప్రాకుచు గుహ జొచ్చెను. నిప్పుసెగవంటి చీకటిలో మంగతాయారు చాపపై నొఱగి రెప్పలు వ్రాలి "అరగంట యింకను కాలేదు, ఇంకను కాలేదు" అని గొణుగుచుండెను. వకుళ యామె చంకలక్రింద చేతులు వేసి బయటి కీడ్చుకొని వచ్చెను.

గాలి తగిలి యూపిరి కుదురుకొన్నంతనే యత్త కన్నులు తెఱచి కోడలి చేతిని విదిలించివైచెను.

"పిల్లవాని నెవతె చేతి కిచ్చి వచ్చితివి?"

వకుళ సుమియె చేతులనుండి బిడ్డను దీసికొనెను. తడిసిన వస్త్రములనుండి యావిరు లెగయుచుండ మంగతాయారు కూర్చున్నచోటినుండియే మనుమనికై రెండు చేతులు చాచెను. వకుళ యా చేతులను చూచెను. చూచి బిడ్డ మొగమునకు కొంగు కప్పి దూరముగా రాతిగట్టుపై కూర్చుండెను. అత్త చేతులు మంచుగాలిలో చాచినట్లే యుండెను.