ఎనిమిదో మంచం

"కాటేజీ సంగతి ఎంతదాకా వచ్చింది?" అన్నాడు కీత్, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

ఎంతదాకా వచ్చిందట! అదేదో దానంతటది కాళ్ళొచ్చి ఇంటికి నడిచొస్తున్నట్టు. బెవర్లీ సింకు దగ్గర నిలబడి బంగాళాదుంపల తొక్క తీస్తోంది. ఆదివారం. కాసేపట్లో అత్తగారు మావిస్, మరిది నైజెల్, కొడుకు క్రెయిగ్, కోడలు జోడీ, వాళ్ళ పిల్లలిద్దరూ భోజనానికి దిగుతారు. ఓవెన్లో గొర్రె తొడ వేగుతోంది. కిటికీ అద్దాల నిండా ఆవిరి, బయట హడర్స్‌ఫీల్డ్ అంతా జనవరి వాన. "బుక్ చేసేశాలే. అందరూ వచ్చాక చెప్తా" అంది. "మంచిది. నువ్వైతే బాగా చేస్తావ్ ఇలాంటివి" అని కీత్ పేజీ తిప్పాడు.

నువ్వైతే బాగా చేస్తావ్. ఆ మాట మెచ్చుకోలు అనుకుని ఎన్నేళ్ళు మురిసిపోయిందో పిచ్చిది! ఇంట్లోనే కాదు, పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుందా, అక్కడా అదే పాట. ఎవరిదో పుట్టినరోజు, కేకు సంగతి చూడు బెవ్, నువ్వైతే బాగా చేస్తావ్. మొక్కలు వాడిపోతున్నాయి బెవ్, నీ చెయ్యి మంచిది. క్రిస్మస్‌కి స్టాఫ్ అంతా బయట భోంచేద్దాం బెవ్, ఏర్పాట్లు నీవి. ఆ భోజనానికి తీరా వెళ్తే డాక్టరు గారి భార్య అనుకోకుండా వచ్చింది, కుర్చీ ఒకటి తక్కువైంది, అందరూ బెవర్లీ వైపు చూశారు. ఆమే లేచింది, ఇంకెవరు లేస్తారు? మనిషన్నాక బాగా చెయ్యలేని పనంటూ ఒకటి ఉండాలి, లేకపోతే బతకనివ్వరు అని యాభై దాటాక తెలిసొచ్చింది ఆమెకి.

ఏటా ఆగస్టులో ఒక వారం హోబర్న్. నార్తంబర్లాండ్ తీరంలో ఒక మూల. ఒక పబ్బు, ఒక చర్చి, పీతలు అమ్మే ఒక షెడ్డు. తక్కినదంతా ఇసకా గాలీనే. నడి వేసవిలో కూడా స్వెట్టరు వేసుకుని సముద్రం చూడాలి. అయినా ఈ ఇంట్లో వాళ్ళకి ఇంకో చోటు పనికిరాదు, మావిస్ పెళ్ళైన కొత్తలో మొగుడితో వెళ్ళింది అక్కడికే మరి. ఇన్నేళ్ళూ దిగిన కాటేజీని దాని యజమాని ముసలాయన పోయాక ఆయన కూతురు సొంతానికి ఉంచేసుకుంది. దాంతో కొత్తది వెతికే పని బెవర్లీ నెత్తిన పడింది. క్రిస్మస్ చెట్టు ఇంకా బయట పారెయ్యకముందే జనం ఆగస్టు కోసం ఎగబడుతుంటారు, ఆలస్యం చేస్తే మిగిలేవి సముద్రానికి వీపు పెట్టుకున్న కొంపలే. మావిస్‌కి మెట్లు కూడదు, గది కిందే ఉండాలి. నైజెల్‌కి పబ్బు నడక దూరంలో ఉండాలి, తూలుతూ తిరిగి రాగలిగేంత. జోడీకి వైఫై ఉండాలి, పిల్లలకి రెండంతస్తుల మంచం కావాలి, పైదానికి అడ్డుకర్ర ఉండాలి. కీత్‌కి కారు కళ్ళ ముందే ఉండాలి. "నీదేముందిలే, నీకెక్కడైనా పర్లేదుగా" అన్నాడు కీత్. నిజానికి అది ప్రశ్న కాదు.

పర్లేదనే అనుకుంది ఆమె కూడా ఇన్నాళ్ళూ. కాటేజీల్లో ఉండే కత్తితో వెన్న కూడా తెగదు, అందుకని ఇంటి కత్తి పట్టుకెళ్తుంది. తుడుపు గుడ్డలు, బ్లీచు, టీ సంచులు, ప్లాస్టర్లు, మావిస్ మందులు అన్నీ ఆమె సర్దితే కీత్ డిక్కీ మూసి "అమ్మయ్య, బయల్దేరాం" అంటాడు, ఆ మూయడమే తన వంతు అయినట్టు. అక్కడికెళ్ళాక అదే వంట, కొత్త పొయ్యి. అవే పక్కలు, వేరే దుప్పట్లు. ఆఖరి రోజు పొద్దున్నే ఖాళీ చెయ్యాలి కదా, శుభ్రం చేసే ఆవిడ వచ్చి చూస్తే ఏమనుకుంటుందోనని ముందే మొత్తం శుభ్రం చేసేది బెవర్లీనే. ఆటు సమయంలో నీళ్ళు వెనక్కెళ్ళి ఇసక బయటపడితే కొండకొమ్ము దాకా నడిచి వెళ్ళొచ్చని అందరూ అంటారు. ఏటా బయల్దేరుతుంది. సగం దూరం వెళ్ళేసరికి ఫోన్. "బెవ్, కెచప్ ఎక్కడ పెట్టావ్?" ఫ్రిజ్ తలుపులో ఉంది కీత్, నువ్వు ఇప్పుడు చూస్తున్న ఫ్రిజ్ తలుపులోనే. ఏం చేస్తుంది, వెనక్కి తిరుగుతుంది.

అందరూ వచ్చారు. తడి కోట్లు విప్పారు, కూర్చున్నారు. మాంసం కోసి వడ్డించి, గ్రేవీ అందరికీ తిప్పి, తన పళ్ళెంలో ఆఖరి ముక్కలు వేసుకున్నాక బెవర్లీ ఫోన్ తీసి ఫోటోలు చూపించింది. తెల్లటి గోడలు, నీలం తలుపు, ఎదురుగా సముద్రం. అందరికీ మొహాలు వికసించాయి.

"కింద గది నాదే కదూ?" అంది మావిస్.

"మీదే మావిస్. పక్కనే బాత్రూం కూడా ఉంది."

"పై గదిలో రెండు మంచాలున్నాయి, అవి నాకూ నైజెల్‌కీ" అన్నాడు కీత్. "కిటికీలోంచి పడవలు కనిపిస్తాయ్ రా నైజ్!" కీత్‌కి నడుం నొప్పి. పక్క మీద ఇంకొకరు ఒత్తిగిలితే చాలు, కలుక్కుమంటుంది. అందుకే ఇంట్లో కూడా బెవర్లీ ఇస్త్రీ బల్ల ఉండే చిన్న గదిలోకి మారి చాలా ఏళ్ళైంది. నైజెల్ గురక మాత్రం ఇల్లు లేచిపోయేంత మోగినా ఆ నడుముకి ఏమీ కాదు, అది వేరే సంగతి.

"పెద్ద మంచం మాది, రెండంతస్తులది పిల్లలది" అంది జోడీ, వేలితో ఫోటోలు జరుపుతూ. ఇంకా జరిపింది. వెనక్కి జరిపింది. "మరి ముందు గదిలో సోఫా లేదే? కుర్చీలేగా ఇవి. నువ్వెక్కడ పడుకుంటావ్ బెవ్?"

పాత కాటేజీలో ముందు గదిలో లాగితే మంచమయ్యే సోఫా ఉండేది. నైజెల్ టీవీ కట్టేసేదాకా కూర్చుని, తర్వాత దాన్ని లాక్కుని పడుకుని, తెల్లారి ముందుగా ఏ పిల్లాడు మెట్లు దిగితే వాడితో పాటే లేచేది ఆమె. ఏటా గదులు పంచేటప్పుడు ఆమె పేరు రానే రాదు, రావలసిన అవసరం లేదు. అందుకే ఈసారి వెతుకుతున్నప్పుడు తలా ఒక పక్క లెక్కేసుకుంటూ పోయిందే కానీ, ఆ సోఫా సంగతి తట్టనే లేదు. ఏడుగురికి సరిపోయే ఇల్లని రాసుంది, సరిగ్గా సరిపోయిందని సంబరపడి డబ్బు కట్టేసింది. బెవర్లీ ఫోన్ వంక చూసింది.

"ఓరి దేవుడా, తనని తనే మర్చిపోయింది!" అని నైజెల్ బల్ల మీద చరిచాడు. ఇంకేముంది, అందరూ ఒకటే నవ్వు. క్రెయిగ్‌కి గ్రేవీ కొరబోయింది. "నీకూ వయసు మీద పడుతోంది తల్లీ" అంది మావిస్, కళ్ళు తుడుచుకుంటూ. బెవర్లీ కూడా నవ్వింది, అందరికన్నా గట్టిగా.

ఆ వారమంతా ఆమెకి ఒక చోట కాలు నిలవలేదు. బస్సులో కూర్చుంటే దిగిపోవాలనిపించింది, దిగితే ఇంటికెళ్ళబుద్ధి కాలేదు. అలమార్లు తీసి మళ్ళీ సర్దింది, సర్దిన చొక్కాలే మళ్ళీ ఇస్త్రీ చేసింది. లోపల ఏదో గీరుతున్నట్టే ఉంది. మావిస్ మోకాళ్ళు గుర్తున్నాయి. కీత్ నడుం గుర్తుంది. చిన్నది నిద్రలో దొర్లుతుందని అడ్డుకర్ర గుర్తుంది. మరి నా ఒళ్ళు నాకెందుకు గుర్తు రాలేదు? నొప్పంటూ ఏమీ చెప్పుకోనందుకా? మోకాళ్ళు నాకూ లాగుతున్నాయి కదా, సోఫా కమ్మీ వీపులో గుచ్చుకుంటే నేనూ మనిషినే కదా. ఇంకొకళ్ళు మర్చిపోతే వాళ్ళతో పోట్లాడొచ్చు. నన్ను నేనే మర్చిపోతే ఎవరితో పోట్లాడాలి? ఒళ్ళు మండిపోయింది ఆమెకి. కీత్ మీద, నైజెల్ నవ్వు మీద, అందరికన్నా ఎక్కువగా నవ్విన తన నోటి మీద. కీత్‌కి మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు. "కంగారెందుకు, ఆ ఇంటావిడకి ఫోన్ చేసి ఇంకో పరుపు పడుతుందేమో కనుక్కో. నువ్వైతే బాగా మాట్లాడతావ్" అన్నాడు.

కనుక్కుంది. మధ్యాహ్నం భోజనం వేళ, డాక్టరు గారి మొక్కల మధ్య నిలబడి ఫోన్ చేసింది. ఇంటావిడ పేరు మిసెస్ ఫెన్విక్, పక్కింట్లోనే ఉంటుందట. గొంతు గట్టిది, గాలిలో అరిచి అరిచి అలవాటైన గొంతు.

"ఏడుగురంటే ఏడుగురే, తల్లీ. రేపు నిప్పంటుకుందంటే ఇన్సూరెన్స్ వాళ్ళు నా పీకల మీద కూర్చుంటారు. ఇంతకీ ఎనిమిదోది ఎవరు? పసిబిడ్డ అయితే పర్లేదు, ఉయ్యాల నేనే ఇస్తా. కుక్క అయితే కాస్త అదనం, అంతే."

"పసిబిడ్డా కాదు, కుక్కా కాదు."

"మరెవరు?"

"నేను" అంది బెవర్లీ.

నవ్వుతుందనుకుంది, కానీ ఆవిడ నవ్వలేదు. "బుక్ చేసింది మీరే కదమ్మా?" అంది మెల్లిగా. "నేనే" అంది బెవర్లీ. ఆ ఒక్క మాటకి ఏడుపు ముంచుకొచ్చింది. ఎక్కడో తీరాన ఉన్న ముక్కూ మొహం తెలియని ఆవిడ ముందు, పూలకుండీల మధ్య, చేతిలో సగం తిన్న శాండ్‌విచ్‌తో. "ఆలోచించుకోండి. తొందరేం లేదు" అని ఫోన్ పెట్టేసింది మిసెస్ ఫెన్విక్. కొళాయి విప్పి మొహం కడుక్కుని బెవర్లీ మళ్ళీ కౌంటర్ దగ్గర కూర్చుంది. ఆలోచించుకోండి అని తనతో ఎవరైనా ఎప్పుడన్నారో ఎంత గుర్తు తెచ్చుకున్నా గుర్తు రాలేదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. ఈసారి పంది మాంసం, యాపిల్ సాస్. ఇంటావిడ కుదరదందని బెవర్లీ చెప్పగానే క్రెయిగ్ మొహం వేలాడేశాడు. "వేరేది చూడలేవా అమ్మా?" "ఇప్పుడెక్కడ దొరుకుతుందిరా, ఆగస్టుకి" అన్నాడు కీత్. అందరూ తలో మాటా అన్నారు. అప్పుడు కీత్ చెంచా పెట్టేసి, పెద్ద చిక్కుముడి విప్పినవాడిలా అందరి వంకా చూశాడు.

"గాలి కొట్టే పరుపుంది కదా అటక మీద. దాన్ని వంటింట్లో వేద్దాం. ఎలాగూ పొద్దున్నే అందరికన్నా ముందు లేచి కెటిల్ పెట్టేది తనేగా, అక్కడే ఉంటే సులువు కూడా."

"మరి ఇంటావిడ?" అంది జోడీ.

"బాయిలర్ చూపించడానికి మొదటిరోజు వస్తుంది, అంతే. ఆ కాసేపూ బెవ్ కార్లో కూర్చుంటుంది. లేదా వెనక తలుపులోంచి అలా బీచి వైపు పోతుంది."

"నానమ్మ దాక్కుంటుందా?" అని పెద్దాడు ఎగిరి గంతేశాడు. "ఎక్కడ? బల్ల కిందా?"

"దుప్పట్ల అలమార్లో!" అన్నాడు నైజెల్. పిల్లలు పడీ పడీ నవ్వారు. "వంటింట్లోనే వెచ్చగా ఉంటుంది తల్లీ. నేను వ్యాన్లో పడుకున్న రోజులున్నాయి, చచ్చిపోలేదుగా" అంది మావిస్. క్రెయిగ్ తండ్రి ఉపాయానికి తల ఊపుతూ ఇంకో బంగాళాదుంప వేసుకున్నాడు. ఆటుపోట్ల మాట, పడవల మాట మొదలైంది. తేలిపోయిందన్నమాట. ఆమెని అడిగినవాళ్ళు లేరు.

బెవర్లీ చూస్తూ ఉండిపోయింది. వీళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఆమె జబ్బు పడితే సూప్ డబ్బా విప్పి వేడిచేసి ఇచ్చే మనుషులే. పుట్టినరోజుకి పూలు తెస్తారు. ఆమెని ఎవరూ తిట్టరు, కొట్టరు. ఉన్నట్టే ఉంచుకుని లేనట్టు చూస్తారు, అంతే. చెడ్డవాళ్ళైతే ఎప్పుడో లేచి వెళ్ళిపోయేదే. వారమంతా లోపల గీరుతున్నది ఇప్పుడు ఆగిపోయింది.

"నేను దాక్కోను" అంది.

"ఊరికే సరదాకన్నాం బెవ్" అన్నాడు నైజెల్.

"నేను రావడం లేదు. మీరు వెళ్ళి రండి."

జోడీ మొగుడి వంక చూసింది, క్రెయిగ్ తల్లి వంక చూశాడు, మావిస్ ఫోర్కు మధ్యలో ఆపేసింది. కీత్ ముందు నవ్వబోయాడు. తర్వాత ఆమె మొహం చూసి, నవ్వు మానేసి, మనసులో ముందుగా ఏది తట్టిందో అదే పైకి అన్నాడు.

"మరి వంటో?"

నువ్వు లేకుండా ఎలా అనలేదు. ఏమైంది నీకు అనలేదు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, అంటాడేమోనని ఆమె ఎదురుచూసింది. అది తన మొహంలో ఎవరికైనా కనిపించిందేమోనని సిగ్గుపడింది కూడా. తర్వాత ఆ సిగ్గూ పోయింది.

"నాలుగు మంటల పొయ్యి ఉంది. ఫోటోలో చూశారుగా" అంది. "పబ్బు నడక దూరంలోనే ఉంది. పక్కలు వెయ్యడానికి పదహారు... కాదులే, పద్నాలుగు చేతులున్నాయి మీకు."

"అది కాదు బెవ్. చిన్న పొరపాటుకి ఇంత రాద్ధాంతమా?" కీత్ గొంతు పెరిగింది. "ఒక తల లెక్క తప్పావ్, అంతేగా! ఎవరికైనా జరుగుతుంది. అంతమాత్రానికి సెలవులు మానుకుంటారా ఎవరన్నా?"

బెవర్లీ తన పళ్ళెం దగ్గరికి లాక్కుంది. మాంసం చల్లారిపోయింది, అయినా కోసుకుంది.

"లెక్క తప్పలేదు కీత్" అంది. "సెలవులకి వెళ్ళేవాళ్ళు మొదట్నుంచీ ఏడుగురే. నేను వచ్చింది పనికి."